పేజీ నంబరు ఎక్కడ పోయింది?

డిగ్రీలోనో, ఎం.ఎస్సీ.లోనో ప్రాజెక్టు రిపోర్టు రాసినవారికి ఈ సంగతి అనుభవమే. రిపోర్టంతా ఒక ఎత్తు, చివరి రెండు పేజీల రిఫరెన్సులు ఒక ఎత్తు. ఏ పుస్తకం, ఎవరు రాశారు, ఏ సంవత్సరం, ఏ పత్రిక, ఎన్నో సంపుటం, ఎన్నో పేజీ – ఇవన్నీ ఒక వరుసలో, ఒకే పద్ధతిలో రాయాలి. గైడుగారి ఎర్ర కలం ఎక్కువగా తిరిగేది అక్కడే.

చూపు, చేతులు, చదువు సవ్యంగా సాగేవారికే ఇది తలనొప్పి. మరి చూపు లేని విద్యార్థి సంగతేమిటి? అక్షరాల వరుస పట్టుకోవడం కష్టమయ్యే డిస్లెక్సియా ఉన్న అమ్మాయి సంగతేమిటి? సెరిబ్రల్ పాల్సీ వల్ల ఒక్క వేలితోనే కీబోర్డు నొక్కగలిగే అబ్బాయి సంగతేమిటి? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఇలాంటివారికి కేటాయించింది. సీటు వస్తే సరిపోదు, చదువు సాగాలి కదా. రిఫరెన్సుల విషయంలో వీరికి అందుతున్న సాయం ఎంతవరకు పనికివస్తుందో చూద్దాం. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: సాయం చివర్లో అందుతోంది, నష్టం మొదట్లోనే జరిగిపోతోంది.

అసలు రిఫరెన్సు ఎందుకు?

రిఫరెన్సు చేసే పనులు రెండు. ఈ మాట నాది కాదు, ఫలానావారిది అని ఒప్పుకోవడం ఒకటి. కావాలంటే మీరే వెళ్లి చూసుకోండి అని దారి చూపడం రెండోది. ఇవి లేకపోతే సైన్సులో ఒకరి మాటను మరొకరు సరిచూడలేరు. 1953 ఏప్రిల్ 25న 'నేచర్' పత్రికలో వాట్సన్, క్రిక్‌లు డి.ఎన్.ఎ. నిర్మాణం గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసం పేజీకి కాస్త ఎక్కువ, అంతే. అంత చిన్న వ్యాసంలోనూ ఆరు రిఫరెన్సులు ఉన్నాయి.

రచయిత పేరు, సంవత్సరం బ్రాకెట్లో రాసే పద్ధతిని హార్వర్డు పద్ధతి అంటున్నాం. దీనికి ఆద్యుడిగా హార్వర్డు విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రజ్ఞుడైన ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ పేరు చెబుతారు. పెంకులేని ఒక రకం నత్త గుడ్లలో జరిగే మార్పుల గురించి 1881లో రాసిన పెద్ద వ్యాసంలో ఆయన ఈ పద్ధతి వాడాడు. చదివేవాడికి సులువుగా ఉండాలని చేసిన ఏర్పాటు అది. తర్వాత ఒక్కో శాస్త్రం ఒక్కో పద్ధతి తయారుచేసుకుంది. మనస్తత్వ శాస్త్రం వారి ఎ.పి.ఎ. పద్ధతి 1929లో ఏడు పేజీల సూచనలతో మొదలైంది. 2019లో ఏడో కూర్పు వచ్చేనాటికి అది నాలుగువందల పేజీలు దాటిన గ్రంథమైంది. ఏడు పేజీలు అన్ని వందల పేజీలు కావడంలో శాస్త్రం పెరిగిన పాలు కొంత, నియమాలు పెరిగిన పాలు కొంత.

ఇరవై గుర్తులు

వాట్సన్, క్రిక్‌ల వ్యాసాన్నే ఎ.పి.ఎ. పద్ధతిలో రిఫరెన్సుగా రాశామనుకోండి. ఇంటిపేరు, కామా, పొడి అక్షరం, చుక్క, మరో పొడి అక్షరం, చుక్క, కామా, 'అండ్' గుర్తు... ఇలా చివరి పేజీ నంబరు తర్వాతి చుక్క దాకా లెక్కపెడితే, అక్షరాలూ అంకెలూ కాక ఇరవై గుర్తులు తేలుతాయి. ఇంటర్నెట్ చిరునామా కలపకుండానే సుమా! పత్రిక పేరు వాలు అక్షరాల్లో ఉండాలి. సంపుటం సంఖ్య 171 కూడా వాలుగానే ఉండాలి. దాన్ని ఆనుకునే బ్రాకెట్లో ఉండే సంచిక సంఖ్య 4356 మాత్రం నిటారుగా ఉండాలి. ఎందుకని అడగకండి.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ఇలాంటి రిఫరెన్సు ఒకటి మీ స్నేహితుడికి ఇచ్చి, గుర్తులతో సహా పైకి చదవమనండి. మీరు కళ్లు మూసుకుని వినండి. తర్వాత కాగితం మీద రాయండి. పేర్లు, సంవత్సరం గుర్తుంటాయి. కామాలు, చుక్కలు గుర్తుండవు. వాటికి అర్థం లేదు కాబట్టి మనసు వాటిని పట్టుకోదు. కాసేపు మనసులో ఉంచుకుని వాడుకునే జ్ఞాపకాన్ని శాస్త్రజ్ఞులు పని జ్ఞాపకం అంటారు. అందులో చోటు చాలా తక్కువ. డిస్లెక్సియా ఉన్నవారిలో చాలామందికి ఈ జ్ఞాపకంతోనే ఇబ్బంది ఉంటుంది. తెలివికీ దీనికీ సంబంధం లేదు. విషయం చక్కగా చెప్పగలిగిన విద్యార్థి 1953ని 1935 అని రాయవచ్చు, 737ని 773 అని రాయవచ్చు. తిరిగి చదివినా ఆ తప్పు కంటికి ఆనదు.

చూపు లేని విద్యార్థుల ఇబ్బంది వేరు. కంప్యూటరు తెర మీది రాతను పైకి చదివి వినిపించే సాఫ్టువేరును స్క్రీన్ రీడరు అంటారు. ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన ఎన్.వి.డి.ఎ. అలాంటిది, ఉచితంగా దొరుకుతుంది. మామూలుగా అది అన్ని విరామ చిహ్నాలనూ చదవదు. చదివితే వాక్యం తలకెక్కదు. అన్నీ చదవమని అమర్చుకోవచ్చు గాని, అప్పుడు రిఫరెన్సు వినడం రాళ్లదారిలో ఎడ్లబండి ప్రయాణమే. ఇక వాలు అక్షరాలా కావా అన్నది అడిగితే తప్ప చెప్పదు. ఆ అక్షరం మీదికి వెళ్లి ఇన్సర్ట్ కీ పట్టుకుని ఎఫ్ నొక్కాలి. అరవై రిఫరెన్సుల పట్టికలో ఒక్కొక్క ముక్క దగ్గరా ఆగి అలా అడుగుతూ పోవాలన్నమాట.

ఇంత శ్రమ తప్పనిసరా? కాదు. 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవరు నగరంలో సమావేశమై ఒక ఉమ్మడి పద్ధతికి పునాది వేశారు. ఆ పద్ధతిలో పొడి అక్షరాలకు చుక్కలు లేవు, 'అండ్' గుర్తు లేదు, వాలు అక్షరాల గొడవే లేదు. అదే వాట్సన్, క్రిక్‌ల వ్యాసానికి గుర్తులు దాదాపు సగానికి తగ్గిపోతాయి. సమాచారం మాత్రం రవ్వంత కూడా తగ్గదు. దానితో ప్రపంచంలోని వైద్యశాస్త్రంలో చాలా భాగం నడుస్తోంది.

దీనికీ ఒక లోపం ఉంది. వాంకూవరు పద్ధతిలో వాక్యం మధ్య 14 అని అంకె మాత్రమే ఉంటుంది. చెవితో చదివేవారు ఆ 14 ఎవరో తెలుసుకోవాలంటే పట్టిక దాకా వెళ్లి, మళ్లీ వదిలిన చోటికి రావాలి. హార్వర్డు పద్ధతిలో పేరు అక్కడే వినబడుతుంది. కాబట్టి రాసే అంధ విద్యార్థికి ఒకటి సులువు, చదివే అంధ విద్యార్థికి మరొకటి సులువు. వికలాంగులందరికీ ఇదే మంచిదని ఒక పద్ధతిని నిర్ణయించడం కూడా పొరపాటే అవుతుంది. ఎంచుకునే వీలు విద్యార్థికే ఉండాలి.

"అలా వదిలేస్తే ప్రమాణాలు పడిపోవా?" అని మన ప్రొఫెసర్లు అడుగుతారు. వారికే అందుతున్న ఒక సదుపాయం గుర్తుచేయాలి. ఎల్సెవియర్ ప్రచురించే చాలా పత్రికల్లో తొలిసారి వ్యాసం పంపేటప్పుడు రిఫరెన్సులు ఏ పద్ధతిలో ఉన్నా తీసుకుంటారు. అంతటా ఒకే తీరుగా ఉంటే చాలు. వ్యాసం అంగీకరించాక తమ పద్ధతిలోకి వారే మార్చుకుంటారు. ప్రొఫెసరుగారి కామాలు దిద్దడానికి మనుషులు ఉన్నప్పుడు, ఒంటి వేలితో టైపు చేసే విద్యార్థి కామాలకు మార్కులు కోయడం ఏం న్యాయం? పైగా ఈ నియమాలు శాశ్వతమైనవీ కావు. పుస్తకం ఏ ఊళ్లో అచ్చయిందో రాయకపోతే నిన్నమొన్నటి దాకా తప్పు. ఎ.పి.ఎ. వారు 2019లో ఆ నియమం తీసేశారు. షికాగో పద్ధతి వారు 2024లో ఇటీవలి పుస్తకాలకు ఊరి పేరు అక్కరలేదన్నారు. ఆకాశం విరిగిపడలేదు.

నష్టం జరిగే చోటు

గుర్తుల బాధ పెద్దదే గాని, దానికి మందుంది. ఎవరైనా పక్కన కూర్చుని సరిచేయవచ్చు. అసలు నష్టం అంతకు ముందే, విద్యార్థి పుస్తకం చదివే రోజునే జరుగుతుంది. దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఒక పుస్తకం అంధ విద్యార్థి దాకా ఎలా వస్తుందో గమనించండి. ఎవరో స్కాను చేస్తారు. ఆ బొమ్మను అక్షరాలుగా మారుస్తారు. తప్పులు దిద్దుతారు. దిద్దేటప్పుడు ప్రతి పేజీ పైన ఉండే అధ్యాయం పేరు, కింద ఉండే పేజీ నంబరు వాక్యం మధ్యలో వచ్చిపడి వినడానికి చిరాకు పెడతాయని తీసేస్తారు. ఎంతో ఓపికతో, మంచి మనసుతో చేసే పని అది. కాని ఆ క్షణంలోనే ఆ పుస్తకం రిఫరెన్సుకు పనికిరాకుండా పోతుంది. విద్యార్థి పుస్తకమంతా విన్నాడు, అర్థం చేసుకున్నాడు, మంచి వాక్యం ఒకటి పట్టుకున్నాడు. "ఎన్నో పేజీ?" అని గైడుగారు అడిగితే ఏం చెబుతాడు? బ్రెయిలీ పుస్తకంలోనూ ఇదే చిక్కు. అచ్చులో ఒక పేజీ బ్రెయిలీలో రెండు మూడు పేజీలవుతుంది. అచ్చు పేజీ నంబరు కూడా విడిగా వేస్తే తప్ప బ్రెయిలీ పేజీ నంబరు రిఫరెన్సుకు దారి చూపదు.

దీనికి పరిష్కారం లేక కాదు. చెవితో చదివేవారి కోసం తయారైన డైసీ పుస్తకాల్లోనూ, నేటి ఈ-పబ్ పుస్తకాల్లోనూ అచ్చు పేజీ ఎక్కడ మారిందో గుర్తు పెట్టే ఏర్పాటు ఉంది. వినేటప్పుడు అడ్డం రాదు, కావలసినప్పుడు "ఇది 47వ పేజీ" అని చెబుతుంది. తయారుచేసేవారు ఆ గుర్తు పెట్టాలి, అంతే. అచ్చుపుస్తకాలను అంధులకు అనువుగా మార్చుకునే హక్కును గుర్తించిన మరకేష్ ఒప్పందం 2013లో కుదిరింది. దాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ధ్రువీకరించింది మన దేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా మొదలైంది. గర్వించవలసిన విషయాలే. అయితే మార్చుకునే హక్కు ఒకటి, మార్చిన పుస్తకంలో పేజీ నంబరు మిగలడం మరొకటి.

పేజీ నంబరు పోయిన పుస్తకం నుంచి ఉదాహరించవచ్చా? నిక్షేపంగా ఉదాహరించవచ్చు. ఎ.పి.ఎ. వారే దారి చూపారు: పేజీ లేకపోతే అధ్యాయం లేదా ఉపశీర్షిక పేరు చెప్పి, అందులో ఎన్నో పేరాయో రాయాలి. ఆడియో పుస్తకమైతే ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అని రాయాలి. ఈ నియమం పుస్తకంలో ఉంది. అయినా "పేజీ నంబరు లేదు" అని వ్యాసం వెనక్కి వస్తే, మీరు ఈ నియమం చూపించి అడగవచ్చు.

రెండో నష్టం నోట్సులో జరుగుతుంది. ఇదే ప్రమాదకరమైనది. చూపున్న విద్యార్థి ఇతరుల వాక్యం కింద గీత గీస్తాడు, పసుపు రంగు పూస్తాడు, కొటేషన్ గుర్తులు పెడతాడు. వారం తర్వాత చూసినా ఏది తనదో, ఏది ఇతరులదో కంటికి తెలిసిపోతుంది. స్క్రీన్ రీడరుతో చదివేవారు వాక్యాన్ని కాపీ చేసి తమ నోట్సులో దించుకుంటారు. చెవికి రంగు వినబడదు. కొటేషన్ గుర్తులు కూడా మామూలు అమరికలో వినబడవు. నెల తర్వాత అదే నోట్సు వింటే, తన వాక్యమూ ఇతరుల వాక్యమూ ఒకే గొంతుతో, ఒకే తీరుగా వస్తాయి.

ఇలా కలిసిపోయిన వాక్యాలు సిద్ధాంత వ్యాసంలోకి వెళితే దాని పేరు గ్రంథచౌర్యం. యు.జి.సి. 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి కూడా ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పి ఉదాహరించిన భాగాలను ఈ లెక్కలోంచి మినహాయిస్తారు. అంటే ఒక జత కొటేషన్ గుర్తులు, ఒక రచయిత పేరు నోట్సులో ఉన్నాయా లేదా అన్నదాని మీద ఒక విద్యార్థి సంవత్సరం ఆధారపడి ఉంటుంది. దొంగిలించాలని దొంగిలించినవాడికీ, చెవిలో గుర్తు పడక పోగొట్టుకున్నవాడికీ తేడా ఏమిటో శాతం చెప్పలేదు.

ఇందుకు సులువైన ఉపాయం ఉంది, ఖర్చు లేనిది. గుర్తులకు బదులు మాటలు వాడండి. దించుకున్న వాక్యానికి ముందు "ఇతరుల మాట మొదలు" అని, రచయిత పేరు, పేజీ లేదా పేరా చెప్పి, చివర "ఇతరుల మాట అయిపోయింది" అని టైపు చేయండి. స్క్రీన్ రీడరు ఆ మాటలను తప్పకుండా చదువుతుంది. డిస్లెక్సియా ఉన్నవారికీ ఇది పనికివస్తుంది. కళాశాలలో మొదటి సెమిస్టరులోనే నేర్పవలసిన సంగతి ఇది. జరిగేదేమిటి? రిపోర్టు ఇవ్వడానికి మూడు వారాల ముందు 'రిఫరెన్సులు రాయడం ఎలా?' అని ఒక పూట తరగతి పెడతారు. అందులో కామాల గురించి చెబుతారు.

సాఫ్టువేరు సాయం ఎంత?

రిఫరెన్సులను దాచి, అడిగిన పద్ధతిలో పట్టిక తయారుచేసి ఇచ్చే సాఫ్టువేర్లు ఉన్నాయి. అమెరికాలో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2006లో విడుదలైన జొటెరో ఉచితమైనది. పుస్తకమైతే దాని ఐ.ఎస్.బి.ఎన్. నంబరు, వ్యాసమైతే డి.ఒ.ఐ. నంబరు ఇస్తే చాలు, మిగతా వివరాలు అదే తెచ్చుకుంటుంది. ఇరవై గుర్తులూ అదే పెడుతుంది. చేతుల కదలిక కష్టమైనవారికి ఇది నిజంగా వరమే. వందల కీ దెబ్బలు తప్పుతాయి. అయితే ఇందులోనూ ఒక వింత ఉంది. ఇలాంటి సాయం ఎవరికి అత్యవసరమో వారు స్క్రీన్ రీడరుతోనో, మౌసు లేకుండా కీబోర్డుతోనో వాడగలిగేలా జొటెరోను గట్టిగా మెరుగుపరచింది 2024లో వచ్చిన ఏడో కూర్పులో. పద్దెనిమిదేళ్లు పట్టింది! మీ కళాశాల కంప్యూటర్లలో పాత కూర్పు ఉంటే మార్చమని అడగండి.

ఈ మధ్య చాట్‌బాట్‌ను రిఫరెన్సులు అడిగేవారు పెరిగారు. వద్దు. అది లేని పుస్తకానికి కూడా ముచ్చటైన రిఫరెన్సు రాసి ఇస్తుంది. 2023లో న్యూయార్కులో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని తీర్పులను కోర్టుకు సమర్పించి, తమ సంస్థతో కలిసి 5000 డాలర్ల జుర్మానాకు గురయ్యారు. ఒక్కొక్కటీ వెతికి సరిచూడడానికి మామూలు వారికన్నా మూడు రెట్లు కాలం పట్టే విద్యార్థికి ఇది సాయం కాదు, ఉచ్చు. మీ చేతిలో ఉన్న రిఫరెన్సును మరో పద్ధతిలోకి మార్చమనడం వరకు సరే. అప్పుడు కూడా అంకెలు సరిచూసుకోవాలి.

పరీక్ష గది దాటిన చట్టం

మన దేశంలో వికలాంగ విద్యార్థికి సాయం అనగానే పరీక్ష గది గుర్తొస్తుంది. స్క్రైబును ఇస్తారు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. రాత చేతికి వంకర్లు వచ్చే రుగ్మత ఉన్న అభ్యర్థికి, నిర్ణీత శాతం వైకల్యం లేకపోయినా స్క్రైబు ఇవ్వవలసిందేనని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇదంతా మూడు గంటల పరీక్ష కోసం. మూడు నెలలు ఇంట్లో, లైబ్రరీలో కూర్చుని రాసే ప్రాజెక్టుకు స్క్రైబు ఎవరు? అదనపు గడువు ఎంత? చట్టంలో సహేతుకమైన సర్దుబాటు అన్న మాట ఉంది. అది పరీక్ష గదికే పరిమితమని ఎక్కడా లేదు. ఈ మాట వాడి మీ విభాగాధిపతికి అర్జీ రాయవచ్చు. ఏం అడగాలో స్పష్టంగా అడగండి: ఏ పద్ధతిలో రిఫరెన్సులు ఇస్తారో, గుర్తులు దిద్దడానికి సహాయకుడు కావాలా, ఎన్ని రోజుల అదనపు గడువు కావాలో. ఫలానా మాట ఎవరిదో చెప్పే బాధ్యత మాత్రం మీదే. అందులో మినహాయింపు అడగకూడదు, ఇవ్వకూడదు కూడా.

తెలుగు పుస్తకాలతో రాసేవారికి ఇంకో మెట్టు ఎక్కువ. యూనికోడు వచ్చాక కూడా మన ప్రచురణల్లో చాలా భాగం 'అను' వంటి ఫాంట్లలోనే కంపోజయింది. ఆ ఫైలు కంటికి చక్కని తెలుగు. స్క్రీన్ రీడరుకు మాత్రం అర్థం లేని గుర్తుల కుప్ప. పాత పుస్తకాలకు ఐ.ఎస్.బి.ఎన్. ఉండదు కనుక వివరాలన్నీ చేత్తోనే ఎక్కించాలి. పేర్ల దగ్గర మరో తమాషా. చివరి మాటే ఇంటిపేరని ఇంగ్లీషువారి లెక్క. విశ్వనాథ సత్యనారాయణగారిని సాఫ్టువేరుకు వదిలేస్తే 'సత్యనారాయణ, వి.' అని తిరగేసి, ఇంటిపేరును పొడి అక్షరం చేస్తుంది. దాన్ని గమనించి దిద్దుకోవాలి.

మీ తరగతిలో చూపు లేని స్నేహితుడు ఉంటే, అతని కోసం మీరు పుస్తకం స్కాను చేస్తుంటే, ముఖపత్రంతో పాటు దాని వెనక పేజీ కూడా తప్పక చేర్చండి. సంవత్సరం, ముద్రణ, ప్రచురణకర్త వివరాలు ఉండేది అక్కడే. పేజీ నంబర్లు చెరపకండి. విడి వరుసలో 'పేజీ 47' అని ఉంచండి. పైకి చదివి రికార్డు చేస్తుంటే పేజీ తిప్పగానే నంబరు చెప్పి, ఆ తర్వాతే చదవండి, వాక్యం సగంలో ఉన్నా సరే.